అడవులదీవి నుంచి వచ్చిన శిష్యురాలు

తెనాలిలో మా ఇంటి ముందుగదిలో పియానో నేర్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఆదివారాలు చర్చిలో వాయిస్తాను, మిగతా రోజుల్లో పాఠాలు చెబుతాను. ఈ విద్య నాకు మా నాన్నగారి నుంచి వచ్చింది. ఆయన బాపట్లలో బడిపంతులు, అక్కడి చర్చిలో పియానో వాయించేవారు. సముద్రపు గాలికి ఆ పియానో తీగలు తుప్పుపట్టేవి. చెమ్మకు చెక్క ఉబ్బి, నొక్కిన మెట్టు పైకి లేచేది కాదు. శనివారం పూట ఆయన మూత తీసి ఒక్కో మెట్టూ సరిచేసుకుంటుంటే, నేను పక్కన స్టూలు మీద కూర్చుని చూసేదాన్ని. అక్కడే నేర్చుకున్నాను.

నా శిష్యుల్లో పరీక్షలు పాసైనవాళ్లున్నారు, పెద్ద చర్చిల్లో వాయిస్తున్నవాళ్లున్నారు. అయినా మీ శిష్యుల గురించి చెప్పండని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది రేపల్లె అవతల అడవులదీవి అనే ఊరి నుంచి వచ్చిన అక్క.

ఒక శనివారం మధ్యాహ్నం గుమ్మంలో నిలబడింది. యాభై దాటిన మనిషి, చేతిలో ప్లాస్టిక్ సంచి.

"వందనాలండి. పియానో నేర్పేది మీరేనా అండి?"

"అవునండి. ఎవరికి నేర్పాలి, మీ మనవలకా?"

"నాకేనండి."

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. వాళ్ల చర్చికి ఎవరో కీబోర్డు ఇచ్చారట. వాయించేవాళ్లు లేక దుప్పటి కప్పి మూలన పెట్టారట. ఆరాధనలో పాట ఎత్తుకునేది ఈవిడే.

"ఊళ్లో చదువుకునే పిల్లల్ని పంపకపోయారా?" అన్నాను.

"పంపొచ్చండి. నేర్చుకుని కాలేజీలకని వెళ్లిపోతారు. నేనెక్కడికీ పోనండి."

పియానో మూత తీసి స్టూలు చూపించాను.

అప్పటినుంచి శనివారం శనివారం వచ్చేది. రేపల్లె దాకా ఆటో, అక్కడినుంచి పాసింజరు రైలు. ఎండుచేపలు అమ్మి బతికే మనిషి, చదువు రాదు. కాగితం మీద స్వరాలు చూపించి నేర్పడమే నాకు తెలుసు, ఆవిడకది పనికిరాలేదు. పాటలు మాత్రం లెక్కలేనన్ని నోటికొచ్చు. అందుకని ముందు పాడించి, ఆ పాట మెట్ల మీద ఎక్కడుందో ఆవిడచేతే వెతికించేదాన్ని. వల తాళ్లు లాగి లాగి వేళ్లు బిరుసెక్కాయి, కుడి బొటనవేలు సరిగ్గా వంగేది కాదు. పుస్తకంలోని వేళ్ల పద్ధతి పక్కనపెట్టి, ఆ చేతికి సరిపోయేది నేనే కట్టాను. అందుకోసం నేనూ బొటనవేలు మడవకుండా పాటలన్నీ వాయించి చూసుకున్నాను. ఇన్నేళ్ల పాఠాల్లో అంత కష్టపడి తయారుచేసిన పాఠం ఇంకొకటి లేదు.

ఒకరోజు కూతురిని పాఠానికి దింపడానికొచ్చిన ఒక లెక్చరర్‌గారు వరండాలో నన్నాపి, "ఈ వయసులో ఆవిడకేం వస్తుందండి?" అన్నారు.

"వస్తోందిగా, వినండి," అన్నాను. లోపల ఆవిడ ఒక కీర్తన పల్లవి తప్పు లేకుండా ముగించింది.

ఒక దశలో ఆవిడే డీలా పడింది. రెండు చేతులూ కలవడం లేదు. "నా వల్ల కాదేమోనండి," అంది.

"అక్కా, పాడుకుంటూనే ఎండబెట్టిన చేపలు తిరగేస్తారు కదా. అప్పుడు చేతులూ నోరూ కలవడం లేదూ?"

"అది అలవాటండి."

"ఇదీ అంతే."

మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.

పంట చేతికొచ్చాక వాళ్ల చర్చిలో జరిగే కోత పండుగకు రమ్మని పిలిచింది. నేను చర్చిలో అడుగుపెట్టగానే పాస్టర్‌గారు ఎదురొచ్చి, "టీచర్‌గారు, ఈ పూట మీరే వాయించాలండి," అన్నారు. ఆ మాట వినగానే కీబోర్డు ముందున్న అక్క స్టూలు మీంచి లేచి నిలబడింది.

"మీ చర్చికి వాయించేవాళ్లున్నారు కదండి. నేను పాడుకోవడానికొచ్చాను," అని వెళ్లి ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చున్నాను.

రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, కీబోర్డు మూగబోయింది. అలాంటప్పుడు మామూలుగా పాట మెల్లగా కిందికి జారిపోతుంది, శ్రుతి దిగిపోతుంది. అక్క తలెత్తి గొంతు పెంచింది. ఊరంతా ఆ గొంతునే పట్టుకుని పాడింది. కాసేపటికి కరెంటొచ్చింది. శ్రుతి ఏమాత్రం దిగినా ఇప్పుడు కీబోర్డు వేరేగా, పాట వేరేగా మోగుతుంది. ఆవిడ స్విచ్చి వేసి, ఒక్క క్షణం చెవొగ్గి, చేతులు పెట్టింది. గొంతులూ కీబోర్డూ కలిసిపోయాయి. వెంట్రుకవాసి తేడా లేదు.

చుట్టూ ఉన్నవాళ్లకు అందులో విశేషమేమీ కనిపించలేదు, పాడుతూనే ఉన్నారు. నాకు మాత్రం కళ్లనీళ్లు ఆగలేదు. చర్చిలో ఎప్పుడూ వాయించడమే తప్ప అంత గొంతెత్తి నేను పాడింది అదే మొదటిసారి.

భోజనాల దగ్గర నా విస్తరిలో కూర వడ్డిస్తూ అక్క అడిగింది: "తప్పులేంటో చెప్పండి."

"చివరి పాటలో తొందరపడ్డారు."

"ఆకలేసిందండి," అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

తిరుగు రైల్లో పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ మాటల్లో పెట్టి, "ఏం పని చేస్తుంటావమ్మా?" అని అడిగింది. పియానో టీచర్నండి అన్నాను. ఆ మాట జీవితంలో ఎంతోమందితో అన్నాను. ఆ సాయంత్రం అన్నంత ఇష్టంగా ఎప్పుడూ అనలేదు.