బాషన్న తొమ్మిదో నిమిషం ఫోన్

నిన్న పొద్దున హిందూపురంలో ఆఫీసు తాళం తీస్తుంటే ఫోన్ వచ్చింది. పెనుకొండ నుంచి, బాషన్న బావమరిది.

"అన్నా, బావ చనిపోయినాడు. గుండె పట్టుకున్యాడు. ఆస్పత్రి దాకా గూడా పోలేదు."

"రేపు శుక్రవారం గదప్పా" అన్నాను నేను.

అట్లా ఎందుకన్నానో నాకే తెలీదు.

తెలియని వాళ్లకు చెప్తున్నా. మహబూబ్ బాషా, మా అందరికీ బాషన్న. మా చిన్న ఇంటర్నెట్ కంపెనీలో టెక్నీషియన్. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మూడు ఊర్ల రౌటర్లు ఆయన చేతిమీదే నడిచినాయి.

ధర్మవరం రౌటర్ పాతది. దాని సాఫ్ట్‌వేర్‌లో ఒక బగ్ ఉంది. ఎనిమిది తొమ్మిది రోజులు ఆపకుండా నడిస్తే మూడో పోర్టు, అంటే మూడో కేబుల్ తగిలించే చోటు, బిగుసుకుపోతుంది. లైటు పచ్చగానే వెలుగుతుంది, డేటా మాత్రం పోదు.

తయారు చేసినోళ్లకూ తెలుసు. కొత్త వెర్షన్‌లో సరిచేసినామని రాసినారు. ఆ వెర్షన్ మా పాత పెట్టెలో ఎక్కదు.

అందుకే ప్రతి శుక్రవారం, జుమ్మా నమాజ్ అయినాక రెండు గంటలకు, అది బిగుసుకోకముందే బాషన్న ఆ పోర్టును మూసి తెరిచేవాడు. ఆ టైంలో చీరల అంగళ్లోళ్లు అన్నానికి పోయుంటారు. రెండు సెకన్లు నెట్ పోయినా ఎవరికీ తెలీదు.

ధర్మవరంలో ఆ రౌటర్ పెట్టిన ర్యాక్ తలుపు లోపల ఆయన అంటించిన కాగితం ఇంకా ఉంది.

"మూడో పోర్టు. లైటు ఉండాదని నమ్మొద్దు."

నేను చేరిన కొత్తలో ఒక శుక్రవారం ఆ పని నాకు ఇచ్చినాడు. హిందూపురంలో కూర్చుని నెట్ మీదే ధర్మవరం రౌటర్‌లోకి పోయి మూడో పోర్టు మూసినాను.

స్క్రీన్ అట్లే నిలబడిపోయింది.

నేను లోపలికి పోయిన దారే ఆ పోర్టు.

"మూసేది తెరిచేది రెండూ కలిపి ఒకేసారి పంపల్లప్పా! తాళంచెవి లోపల పెట్టి తలుపేసినావు" అని నవ్వినాడు ఫోన్‌లో.

ఎండలో పెనుకొండ నుంచి ధర్మవరానికి బండి మీద పోయినాడు. గంటకు పైగా సగం ఊరికి నెట్ లేదు. నన్ను ఒక్క మాట అనలేదు.

ఆడినుంచే ఫోన్‌లో నేర్పించినాడు. పని మొదలుపెట్టే ముందు, పది నిమిషాలకు రీస్టార్ట్ కమ్మని రౌటర్‌కు చెప్పి పెట్టాలి. మనం బయట పడిపోతే అదే రీస్టార్ట్ అయ్యి, పోర్టు మళ్లీ తెరుచుకుంటుంది. పని సరిగ్గా అయితే ఆ రీస్టార్ట్ క్యాన్సిల్ చేయాలి.

అప్పట్నుంచి శుక్రవారం పని నాది. తొమ్మిదో నిమిషానికి ఆయన ఫోన్.

"క్యాన్సిల్ చేసినావా?"

"చేసినా అన్నా."

"స్క్రీన్ చూసి చెప్పు."

ఒకసారి విసుగొచ్చి, అన్నీ దానంతటదే చేసేట్టు స్క్రిప్ట్ రాసి పెడతా, నువ్వు ఫోన్ చేసే పనుండదు అన్నాను.

"రాయప్పా. అది ఇరుక్కుంటే దానికి ఎవరు ఫోన్ చేస్తారు?"

రాయలేదు.

నిన్న సాయంత్రం అసర్ నమాజ్ తర్వాత పెనుకొండలో మట్టి ఇచ్చి వచ్చినాము. వచ్చినాక కుదురుగా కూర్చోలేకపోయినాను. ధర్మవరంలో డేటా పోయేది చూపే గ్రాఫ్ తెరిచేది, మూసేది. టీకి పోయేది, తాగకుండానే వచ్చేది.

ఈరోజు రెండు గంటలకు కూర్చున్నాను. పది నిమిషాలకు రీస్టార్ట్ పెట్టినాను. రెండు కమాండ్లూ కలిపి పంపినాను. పోర్టు మూసుకుని తెరుచుకుంది. లైటు నమ్మకుండా డేటా కూడా చూసినాను. బాగా పోతోంది.

ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

తొమ్మిదో నిమిషం పోయింది.

పదో నిమిషానికి ధర్మవరం రౌటర్ రీస్టార్ట్ అయింది.

ఆరు నిమిషాలు ఊరికి నెట్ లేదు. మొదటి ఫోన్ ఒక చీరల అంగడి ఆయనది. "ఏమప్పా, వీడియోలో చీర చూపిస్తాంటే ఆగిపోయె. బాషాను పంపించబ్బా బిరీన."

బాషన్న లేడని చెప్పినాను.



"నెట్ నిదానంగానే రానీ లేప్పా" అన్నాడు.

ధర్మవరం వాళ్లు మన్నించాలి. ఈరోజు నెట్ పోయింది బగ్ వల్ల కాదు. నేను క్యాన్సిల్ చేయలేదు. ఫోన్ కోసం చూస్తా ఉండిపోయినా.

బాషన్నా, పోయిరా. ఇంక ఏ ఊరి లైటూ చూసే పని లేదు నీకు. అల్లా నీకు నెమ్మది ఇయ్యాల.