కాలివేళ్లతో చూపించిన దాఖలె

మా నాయన ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి ఒక దారికి తెచ్చుకున్న పనిని, నేను ఇంటి అరుగు మీద కూర్చుని ఒక్క పూటలో కాళ్లతో తన్నేశాను. మాటవరసకు అనడం లేదు, నిజంగా కాళ్లతోనే. మీరు నవ్వుకోండి, నాకేం బాధ లేదు. మా నాయన ముందు మాత్రం నవ్వకండి.

మాది బాగేపల్లి తాలూకా, గూళూరు పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. మా తాత పోయి చాన్నాళ్లయినా పహణీలో, అంటే భూమి కాగితంలో, ఆయన పేరే ఉంది. అది నాయన పేరుకు మారితేగానీ కొత్త బోరుకు కరెంటు ఇవ్వరు. కింద బోరులో నీళ్లు, పైన ఎండిపోతున్న చెనిక్కాయ, అంటే వేరుశనగ, చేను. చేను చూసి వచ్చిన రోజు నాయన అన్నం సరిగా తినేవాడు కాదు. కాగితాల సంగతి నాకు చెబితే ఎక్కడ చెడగొడతానో అని ఆయనకు అనుమానం. అందుకే చెప్పలేదు. ఆ అనుమానం ఎంత సరైనదో చదివాక మీరే ఒప్పుకుంటారు.

అప్పుడు నేను డిగ్రీ ముగించి ఖాళీగా ఉన్నాను. పొద్దున లేస్తే ఫోనులో ప్రపంచ రికార్డులు చూడడమే పని. ఒకాయన తన లుంగీ తాను కట్టుకోలేనంత పొడవుగా గోళ్లు పెంచాడు. ఇంకొకాయన మొహం నిండా చెంచాలు అతికించుకున్నాడు. ఒకామె ఊరి నుంచి ఊరికి వెనక్కి నడిచింది. ముందు ఇవన్నీ మోసమని అనుమానపడ్డాను. తర్వాత, వీళ్లలో నాకంటే ఘనులెవరున్నారని అనుమానం వచ్చింది. ప్రమాదమంతా ఆ రెండో అనుమానంలోనే ఉంది.

నాకు కాలివేళ్లు పొడవు. చిన్నప్పుడు అమ్మ కోతివేళ్లు అనేది. ఆ వేళ్లతో చెనిక్కాయలు వలిచే మనిషి లోకంలో ఎవరూ లేరని తేల్చుకుని, రికార్డులు నమోదు చేసేవాళ్లకు ఫోనులోనే అర్జీ పంపేశాను. కన్నడ వార్తల్లో రికార్డును దాఖలె అంటారు. ఎవరైనా ‘విశ్వ దాఖలె’ అంటే చాలు, నా పేరే చదవబోతున్నారనుకుని వాల్యూం పెంచేవాణ్ణి. ఆఫీసుల్లో కాగితాలను కూడా దాఖలె అనే అంటారని నాకు తెలియక కాదు. తలలో ఆ అర్థానికి చోటు లేదు, అంతే.

మధ్యాహ్నం అందరూ కునుకు తీసినప్పుడు పశువుల కొట్టంలో సాధన. అప్పటి నుంచి ఊర్లో ఎవరిని చూసినా నా విద్య కాజేసేవాడిలాగే కనిపించాడు. చింతామణి నుంచి మా చిన్నాన్న కొడుకు ఫోను చేసి ఏం చేస్తున్నావని అడిగాడు. ఎప్పుడూ లేనిది ఇప్పుడెందుకు అడుగుతున్నాడు? నిద్రపోతున్నానని చెప్పి పెట్టేశాను. ఇక్కడ అమ్మ, కొట్టంలో తొక్కలు చూసి పందికొక్కని అనుమానించి బోను పెట్టింది. అందులో పడబోయింది నా బొటనవేలే.

ఒకరోజు నాయన పైపుల కోసం బాగేపల్లికి వెళ్లాడు. ఎవరైనా వస్తే కూర్చోబెట్టమని చెప్పి అమ్మ చేనికి పోయింది. కాసేపటికి బండి మీద సంచీ తగిలించుకుని ఒక కొత్త మనిషి దిగాడు.

“దాఖలె చూడల్లప్పా. ఇంట్లో ఉండాదా?”

రికార్డులవాళ్లు ఏకంగా మనిషినే పంపారనుకున్నాను. కానీ నేనంత సులభంగా నమ్మే రకమా? చింతామణివాడు పంపిన మనిషైతే?

“మీరు దాఖలె చూసేవాళ్లని నమ్మకమేమి సార్?”

ఆయన విసుక్కుంటూ మెడలోని కార్డు తిప్పి చూపించాడు. కన్నడంలో ‘గ్రామ లెక్కాధికారి’ అని ఉంది. భూమి కాగితాలు చూసే ఆ ఉద్యోగిని ఊర్లో అందరూ వీఏ అనే అంటారు. పాత వీఏ బదిలీ అయ్యాడని కూడా నాకు తెలియదు. లెక్కాధికారి అంటే లెక్కపెట్టే అధికారే కదా అనుకున్నాను. ముందు గ్రామం, తర్వాత తాలూకా, జిల్లా, చివరికి విశ్వం. వరస చక్కగా కుదిరింది.

“ఒరిజినలే చూడల్ల. జెరాక్సు నడవదు,” అన్నాడు.

“జెరాక్సు ఏమీ లేదు సార్. మీ కండ్ల ముందరే చూపిస్తా.”

ఫోను రికార్డింగులో పెట్టి బిందెకు ఆనించాను. చెనిక్కాయల బుట్ట తెచ్చాను. చెప్పులు విప్పి, కాళ్లు ఆయన వైపు చాపి మొదలుపెట్టాను. ఆయన నా కాళ్లను చూశాడు, బుట్టను చూశాడు, ఆ తర్వాత ఫోనును చూశాడు. మొహంలో రంగు మారింది. నా విద్యకు ముగ్ధుడయ్యాడనుకుని, వలిచిన గింజలు పళ్లెంలో పోసి ఆయన ముందుకు తోశాను.

“ఇవి మీకే సార్. సరిగ్గా ఉండాయా చూసుకోండి. తక్కువైతే ఇంకా ఇస్తా.”

“ఆ ఫోను యాల పెట్టినావప్పా?”

“దాఖలెకు సార్.”

ఆయన లేచి నిలబడ్డాడు. ఫోను వైపు తిరిగి, తనకేమీ వద్దని, తానేమీ అడగలేదని, ఏమీ ముట్టలేదని కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి స్పష్టంగా చెప్పి, బండెక్కి పోయాడు. ఇంత నిజాయతీ గల న్యాయనిర్ణేత ఉంటాడా అని నేను మురిసిపోయాను.

సాయంత్రం నాయన వచ్చాడు.

“ఎవురన్నా వచ్చినారా?”

“వచ్చినారు నాయనా. దాఖలె చూసినారు.”

“చూసి ఏమన్నారు?”

“నాకేమీ వద్దన్నారు.”

నాయన కండ్లు చెమర్చాయి. ఈ కాలంలో కూడా ఇట్లాంటి మనుషులుండారని అమ్మతో అన్నాడు. నా భుజం తట్టాడు కూడా. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అదే మొదటిసారి.

“బీరువా తాళం నా దగ్గరుంటే కాగితాలెట్ల చూపిస్తివిరా?”

“ఏ కాగితాలు?”

ఆ తర్వాత ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ రాయదగింది కాదు. దాని మధ్యలో నాయన అరుగు మీద కూలబడి, చేను పోయిందిరా అన్నాడు. తిట్లకంటే అదే నన్ను ఎక్కువ కోసింది.

మరునాడు నన్నూ, ఫోనునూ, కాగితాలనూ ఆఫీసుకు లాక్కెళ్లాడు. మమ్మల్ని చూడగానే ఆ సారు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఎవరో తనను లంచం కేసులో ఇరికించడానికి నన్ను కూర్చోబెట్టారని ఆయన అనుమానం. పొలం దాఖలె చూపలేదని అప్పటికే రాసేశాడు కూడా. నేను మొత్తం కథ చెప్పినా నమ్మలేదు. చివరికి వీడియో పెట్టాం. ఒక్కొక్కరే చుట్టూ చేరారు. టీ తెచ్చిన మనిషి కూడా నిలబడిపోయాడు. నా వేళ్లు అంత పెద్ద తెర మీద చూసుకోవడం నాకూ అదే మొదలు, ఎవరో కంప్యూటరుకు కలిపేశారు మరి. సారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, “నీ దాఖలె చూసినా. మీ నాయనది తియ్యి,” అన్నాడు.

పేరు మారింది, కరెంటు వచ్చింది, చేను బతికింది. రికార్డులవాళ్ల నుంచి మాత్రం ఇప్పటికీ జవాబు లేదు. చింతామణివాడే అడ్డుపడి ఉంటాడని నా అనుమానం.

కనుక పాఠకుల సాక్షిగా, మా బోరు నీళ్లు చేతిలో పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరు దాఖలె అడిగినా నా చెయ్యి బీరువా వైపే పోతుంది, కాలు మాత్రం చెప్పులోనే ఉంటుంది. ఆ సారు ఇప్పుడు కూడా మా ఊరికొస్తే ఇంటికొచ్చి కాఫీ తాగుతాడు. అమ్మ చెనిక్కాయలు తెచ్చి పెడితే మాత్రం, ఎవరు వలిచినారమ్మా అని అడిగిగానీ ముట్టడు.