మా నాన్న లారీలో మామయ్య పోసిన పెట్రోలు

మా చిన్నప్పుడు నాన్న వచ్చాడని నాకు మొదట చెప్పేది ఆయన లారీయే... కంచరపాలెంలో మా వీధి మలుపు దగ్గర ఇంజను రొద వినబడిందంటే చేతిలో ముద్ద వదిలేసి పరిగెత్తేవాణ్ని.

నాన్న పోర్టులో ఎరువు బస్తాలు ఎత్తుకుని రాయపూర్ పోయేవాడు. ఇంటికొస్తే ఒక్క పూట. భోంచేసి, నా నెత్తి మీద ఓ మొట్టికాయ వేసి, మళ్లీ స్టీరింగు ఎక్కేసేవాడు.

అమ్మ పోయాక మేమున్నది మామయ్య ఇంట్లోనే. మామయ్య అంటే అమ్మకి సొంత తమ్ముడు, అప్పలరాజు. రైల్వే స్టేషను దగ్గర టాక్సీ నడిపేవాడు. అత్త చాలా మంచిది... కాకపోతే ఆవిడ పెట్టిన పులుసు తిని బతికి బట్టకట్టిన వాళ్లలో నేనొకణ్ని.

ఓ మధ్యాహ్నం నాన్న వచ్చేసరికి లారీ ట్యాంకు అడుగంటిపోయింది.

"అప్పలరాజూ, నాను తినేలోగా డబ్బాడు డీజిలు పట్రావేటి? బంకుదాకా కూడా రాదు బండి."

"నువ్వు తిను బావా. నానే తెచ్చి నానే పోసేత్తాను."

మామయ్య టాక్సీ పెట్రోలు బండి. రోజూ పోయే బంకే. ఈయన కబుర్లు చెబుతూ డబ్బా చాపాడు, బంకువాడు కబుర్లు వింటూ అలవాటుగా పెట్రోలు కొట్టేశాడు. మరి వాసన తెలియలేదా అంటారు... పొద్దస్తమానం పెట్రోలు వాసనలో బతికే మనిషికి అదో వాసనా! తెచ్చి ట్యాంకులో గుమ్మరించి, పెద్ద పని చేసినట్టు చేతులు దులుపుకున్నాడు.

డీజిలు బండిలో పెట్రోలు పోస్తే ఏమవుతుందో కార్లున్న బాబులు మీకు తెలుసో లేదో... నేను చూశాను. పైపుల్లో మిగిలిన డీజిలుతో వీధి చివరిదాకా బాగానే పోయింది. ఆ తర్వాత ఇంజను లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు ఠంగు ఠంగుమంది. బండి లాగదు. వెనక తెల్లటి పొగ. రైలు గేటు ముందు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

నాన్న దిగి, ట్యాంకు మూత తీసి వాసన చూశాడు.

"ఏటి పోసినావు అప్పలరాజూ?"

"డీజిలే బావా..."

"నీ టాక్సీకి పోసేది నా లారీకి పోసేసినావురా బాబూ!"

వీధి వీధంతా కలిసి లారీని వెనక్కి తోసుకొచ్చి మా ఇంటి ముందు నిలబెట్టారు. వన్ టౌన్ నుంచి మెకానిక్ జానీ భాయ్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"డీజిలులో జిడ్డు ఉంటాది భాయ్, పంపు దానితోనే తిరుగుతాది. పెట్రోలు పోత్తే లోపల ఎండిపోయి గీసుకుపోతాది. ట్యాంకు కడగాల, పంపు ఇప్పాల."

"ఎన్నాళ్లు?" అని నాన్నా, నేనూ ఒకేసారి అడిగాం. నాన్న దిగులుగా... నేను పండగలా.

నాన్న ఇంట్లో ఉంటాడని వీధంతా చాటింపేశాను. తీరా చూస్తే ఆయన ఇంట్లో ఉండలేదు... గుమ్మం ముందు చచ్చిపడున్న ఆ లారీ క్యాబిన్లోనే పడుకున్నాడు. అన్నం కంచం కూడా అక్కడికే. రోజూ నేనే మోసేవాణ్ని.

ఒకరోజు మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగాను. "ఇంట్లో పడుకోవేటి నాన్నా?"

అద్దంలోంచి రోడ్డు చూస్తూ అన్నాడు. "ఇంట్లో పక్కన జాగా కాళీగా అవుపడతాదిరా. ఇక్కడ సీటు ఒక్కడికే సరిపోతాది."

ఆ మధ్యాహ్నం నుంచి నేనూ ఆ సీటు మీదే ఇరుక్కుని పడుకునేవాణ్ని. ఒక్కడి సీటులో ఇద్దరం ఎలా పట్టామో...

నిద్ర లేచాక నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగు నా చేతికిచ్చేవాడు. ఇంజను కదలదు, పంపు లేదు... అయినా పోయేవాళ్లం. "ఇజీనారం దాటేసినాం. అదిగో సాలూరు ఘాటీ! గేరు మార్సు నాయనా, ఎదర లోయుంది, సూసుకో!" నేను నోటితో బుర్రుమనేవాణ్ని. అత్త గుమ్మంలోంచి "అన్నయ్యా, రాయపూర్ ఎల్లొచ్చినారేటి, కాపీ తాగుతారా?" అని నవ్వేది. నాన్న అన్ని మాటలు మాట్లాడగా నేనదే మొదలు వినడం.

పంపు బాగయి వచ్చింది. బిగించారు. నాన్న నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి "నువ్వే నొక్కరా" అన్నాడు. సెల్ఫు నొక్కాను. గరగరమని ఆగిపోయింది. లోలోపల దేవుళ్లందరికీ దండాలు పెట్టుకున్నాను... ఇలాగే ఉండిపోనీ అని. జానీ భాయ్ పైపుల్లో గాలి తీసి "ఇప్పుడు కొట్టు బేటా" అన్నాడు.

కొట్టాను. అందుకుంది.

వీధంతా చప్పట్లు. నాన్న మొహంలో వెలుగు... అమ్మ పోయాక అలాంటిది చూడలేదు నేను. మా ఇంటి ముందున్నన్ని రోజులూ రాని వెలుగు, పోతున్నందుకు వచ్చింది.

"దిగు నాయనా, ఎల్తాను. ఈసారి సాలూరు ఘాటీ నిజంగా సూపిత్తాను."

ఆ మాట మళ్లీ ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు.

తర్వాత నాన్న వచ్చినప్పుడల్లా అందరి ముందూ అనేవాణ్ని... "మావా, నాన్న లారీకి డీజిలు తెత్తావేటి?" అందరూ పగలబడి నవ్వేవారు. నాన్న కూడా. మామయ్య ఒక్కడే నవ్వడం మానేసి, నా తలని తన దగ్గరికి లాక్కునేవాడు.

ఇప్పుడు బంకులో కుర్రాడు "సార్, పెట్రోలా, డీజిలా?" అని ఒకటికి రెండుసార్లు అడుగుతున్నాడు. ట్యాంకు మూత మీద కూడా రాసుంటోంది. ఎవరూ పొరపాటు చేయడం లేదు... వచ్చినవాళ్లంతా అనుకున్న టైముకే వెళ్లిపోతున్నారు.

ఎవరో చేసిన పొరపాటు వల్ల మీ ఇంట్లో మీకు కావలసిన మనిషి నాలుగు రోజులు ఎక్కువ ఉండిపోయారా? ఉంటే రాయండి... చదివి వినిపించడానికి మా మనవరాలుంది, దానికెలాగూ పనీపాటా లేదు.