బోరునీళ్లు, కైరాసి

2022 నాటికే కోరమండల్ పాత బంగారు గని కార్మికుల ఇళ్ల లైన్ల పక్కన నేను వాషింగ్ మిషన్లు, గీజర్లు బాగుచేసే షాపు నడుపుతున్నాను. సభల్లో ముహూర్తాలు, రాశులు నమ్మొద్దని వాదించేవాణ్ణి. ఆధారం లేనిదే ఏదీ ఒప్పుకోనివాడినని పేరు. అందుకే ఏ మిషన్ కొనాలో జనం నన్నడిగేవారు.

ఒక మధ్యాహ్నం లక్ష్మి వచ్చింది. భర్తకు మా దగ్గర్లోని నరసాపురం ఫ్యాక్టరీలో పని. ఆమె వేళ్లు సబ్బుకు పగిలి ఉన్నాయి.

"అన్నా, చెడిపోని మిషన్ యాదన్నా ఉండాదా?"

"ఎందుకమ్మా?"

"నేను కాపురానికొచ్చినాక గీజర్ పోయె. మీరు చెప్పిన వాషింగ్ మిషన్ పద్నాలుగు నెల్లకే పోయె. నాకు కైరాసి లేదంట. స్విచ్చి ముట్టనీరు. ఇంగ వచ్చే వారం మా ఆడబిడ్డ సీమంతం. గాజులు తొడగొద్దంటా ఉండారు."

కైరాసి అంటే చేతి చలవ. తమిళం నుంచి మా ఇళ్లలోకి వచ్చిన మాట.

ఆ నమ్మకం మీది కోపంతోనే వాళ్లింటికి వెళ్లి మిషన్ విప్పాను. హీటర్ ఎలిమెంట్, అంటే నీళ్లు వేడిచేసే కడ్డీ, తెల్లటి పెచ్చు కింద కనిపించకుండా పోయింది. గీజర్‌లోనూ అంతే. అదే బోరు నీళ్లు వాడే నాలుగిళ్లు తిరిగాను. మూడిళ్లలో హీటర్లు కాలిపోయాయి. నాలుగో ఇంట్లో హీటరే లేని పాత సెమీ ఆటోమేటిక్ మిషన్ తొమ్మిదేళ్లుగా తిరుగుతోంది.

నా కోపం అక్కడే నా మీదికి మళ్లింది. లక్ష్మికి మిషన్ చెప్పినప్పుడు నేను చూసినవి రెండే: స్టిక్కర్ మీది స్టార్లు, ఫోన్‌లో ఎవరో పొగిడిన మాటలు. స్టార్లు కరెంటు ఎంత తాగుతుందో చెబుతాయి, ఎన్నేళ్లు బతుకుతుందో చెప్పవు. పొగిడినవాళ్లు మా బోరు నీళ్లు ఎరగరు. ఆధారం అడిగే నేను ఆ పూట అడగలేదు. దానికి శిక్ష ఆ పిల్ల అనుభవించింది.

పెచ్చు కట్టిన కడ్డీని ఆమె అత్త మునెమ్మ చేతిలో పెట్టాను. "ఇది కోడలి రాసి కాదమ్మా, నీళ్లలోని ఉప్పు. ఈ మిషన్ చెప్పిన తప్పు నాది."

మునెమ్మ పెచ్చును గోటితో గీకి చూసింది. "అయితే కైరాసి లేంది నీకా అప్పా?"

"చేతిది కాదమ్మా, బుర్రది."

ఆమె నవ్వలేదు. "నా పెండ్లైన యేడు మా ఆవు చచ్చిపోయినాది. నన్నూ ఇట్లే అన్నారు," అంది. లోపలికి కేక వేసింది. "లక్ష్మీ, గాజులు తెచ్చేది, తొడిగేది నువ్వేనే. అంగడికి ఎప్పుడు పోతావు?"

తరువాత వాళ్లు హీటర్ లేని మిషన్ కొన్నారు. ఇప్పుడెవరు సలహాకు వచ్చినా కంపెనీ పేరు చెప్పను. ముందు "మీ ఇంటికి నీళ్లు యాడివి?" అని అడుగుతాను. అవే నీళ్లతో అయిదేళ్లు దాటిన మిషన్ ఎవరింట్లో ఉందో కనుక్కుని రమ్మంటాను. ఆ మాట నేను అడగకపోతే, మిషన్ ఆగిన రోజున ఎవరో ఒక ఆడపిల్ల చేతికి కైరాసి లేదని పేరు పెడతారు.