గిలక స్తంభం నీడ

మా పాలెంలో ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్ళే. ఇసుకలో మనిషి లోతు దిగితే ఊట వచ్చేది. కానీ ఆ నీళ్ళలో పప్పు ఉడికేది కాదు, తాగితే దాహం తీరేది కాదు. మంచినీళ్ళ బావి ఊరి అంచున, చిట్టమూరు వైపు వెళ్ళే బాట పక్కన ఉండేది. సర్కారు డబ్బుతో తవ్వించిన బావి. తవ్వింది మా వాళ్ళే. మట్టి మోసినవాళ్ళలో మా అమ్మ కూడా ఉంది. నీళ్ళు పడిన నాటి నుంచి మాత్రం అందులో మా చేద పడకూడదన్నారు.

బావి గట్టుకు దూరంగా ఒక పలకరాయి నిలువుగా పాతారు. మా ఆడవాళ్ళు దాని పక్కన కుండలు దించి కూర్చోవాలి. ఊరివాళ్ళలో ఎవరికైనా తీరిక చిక్కితే తమ చేదతో తోడి, పైనుంచి పోస్తారు. ముందు ఊరి ఇళ్ళకు, తర్వాత గొడ్లకు, ఆ తర్వాత మాకు. మేం ఆదివారం ప్రార్థనకు వెళ్ళేవాళ్ళం. పాస్టరుగారు అందరూ ఒకటే అని చెప్పేవారు. దానివల్ల మా కుండలు బావి వైపు ఒక్క అడుగు కూడా జరగలేదు.

అరవైల మొదట్లో నేను నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుతున్నాను. ఆడపిల్లలకు పెద్ద లెక్కలెందుకని మాకు చెప్పేవారు కాదు. పాత పుస్తకాలు ముందేసుకుని నేనే నేర్చుకున్నాను. ఈనాటికీ నాకు కూడు పెడుతున్నవి ఆ లెక్కలే. దేన్నయినా కొలిచి చూస్తే తప్ప నమ్మను. అందుకే బావి సంగతి మీద పాలెం తరఫున అర్జీ రాసినప్పుడు, మా వాళ్ళు ఎంతసేపు కూర్చుంటారో కూడా రాశాను. రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణకు వచ్చాడు. ఆ ఒక్క పూట మా వాళ్ళు కుండ దించకముందే ఊరివాళ్ళు నీళ్ళు పోశారు. ఆయన చూసి, ఫిర్యాదులో నిజం లేదని రాసుకుని వెళ్ళిపోయాడు.

హాస్టల్లో ఈ సంగతి చెబితే మా సైన్సు టీచరు తన డబ్బా కెమెరా నా చేతిలో పెట్టింది. "నోటిమాట అయితే కాదనగలరు. దీంతో తీసి చూపించు" అన్నది.

క్రిస్మస్ సెలవులకు కెమెరాతో ఇంటికి వచ్చాను. ఫొటో తీస్తానని పాలెంలో చెప్పడమే నేను చేసిన పొరపాటు. మా వాళ్ళకు ఫొటో అంటే నెల్లూరు స్టూడియోలో తెర ముందు నిలబడి తీయించుకునేది. మర్నాడు బావి దగ్గరికి అందరూ తలలు దువ్వుకుని, పండగ చీరలు కట్టుకుని వచ్చారు. కుండలన్నీ రాయి వెనక దాచేశారు. అమ్మ కూడా.

"కుండలు ముందర పెట్టుకోండి" అన్నాను.

"కుండతో ఫొటో ఏందమ్మే" అన్నది పక్కింటి పెద్దమ్మ. "నన్ను చూసినోళ్ళు నీళ్ళు మోసే మనిషనుకుంటారు."

"నువ్వు నీళ్ళు మోసే మనిషివే గదా పెద్దమ్మా."

"మోస్తాలే. ఫొటోలో గూడా మొయ్యాల్నా?"

ఎంత చెప్పినా వినలేదు. ఫొటో కడిగించి తీసుకుపోతే ఇన్‌స్పెక్టరు దగ్గర పంచాయతీ ప్రెసిడెంటు కూర్చుని ఉన్నాడు. ఇన్‌స్పెక్టరు కంటే ముందు ఆయనే చేయి చాచి తీసుకున్నాడు.

"చూడండి సార్. నూనె రాసి దువ్వుకోని, పెళ్ళికి పోయేటట్టు నిలబడుండారు. దప్పిక మొహాలేనా ఇవి?"

ఇన్‌స్పెక్టరు నవ్వి ఫొటో తిరిగిచ్చాడు. పెద్దమ్మ మీద నాకు కోపం రాలేదు. ఆ మనిషి జీవితంలో తీయించుకున్న మొదటి ఫొటో అది. అందులో బాగా కనబడాలనుకోవడం తప్పెలా అవుతుంది? నేనే వేరే దారి వెతకాలి. మొహాలు ఎలాగైనా కనిపించవచ్చు. ఎంతసేపు కూర్చున్నారన్నది మొహాల్లో కాకుండా ఇంకెక్కడైనా కనిపించాలి.

వేసవి సెలవుల్లో మళ్ళీ కెమెరా అడిగి తెచ్చుకున్నాను. ఎండాకాలంలో మా వైపు మధ్యాహ్నానికి సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. పొద్దున బావి గిలక స్తంభం నీడ సాగి మా కుండల దాకా పడుతుంది. పొద్దెక్కేకొద్దీ వెనక్కి తగ్గి, స్తంభం మొదట్లోకి పోతుంది. బాట మీద నిలబడే చోట రెండు ఇటుకలు పెట్టి గుర్తు చేసుకున్నాను. అక్కడి నుంచి మూడుసార్లు తీయాలి. ఈసారి కుండలొక్కటే చాలని అమ్మతో చెప్పాను.

"కుండలొక్కటే అయితే ఎవురివని చెప్తావు?" అన్నది అమ్మ. "నేను కూచుంటా."

కూలికి కట్టే చిరుగుల చీర మీదే వచ్చింది. తల కూడా దువ్వుకోలేదు. కుండ పక్కన కూర్చుని మొహం నా వైపు పెట్టింది. నీడ ఆమె కాళ్ళ మీద పడి ఉండగా మొదటిది తీశాను. నీడ సగానికి తగ్గినప్పుడు రెండోది తీస్తుంటే ప్రెసిడెంటు వచ్చాడు.

"ఆ పెట్టె పట్టుకోని ఈడేం చేస్తుండావు మే?"

"నీడని తీస్తుండా అన్నా."

మా పాలెంలో ఆయన్ని అందరూ అయ్యా అంటారు. నేను కావాలనే అన్నా అన్నాను.

"ఎవురే నీకు అన్న? పో ఈణ్నించి."

"నేను బాట మీదుండా. బాట సర్కారుది. బావి గూడా సర్కారుదే."

"చదివిచ్చి చెడగొట్టినారు దీన్ని" అంటూ ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ తల తిప్పలేదు. ఊరి గొడ్లు తొట్టి దగ్గర నీళ్ళు తాగి పోయాయి. నీడ స్తంభం మొదట్లోకి చేరింది. మూడోది తీశాను.

ఈసారి ఇన్‌స్పెక్టరు మూడు ఫొటోలూ బల్ల మీద వరుసగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. నీడ మీద వేలు పెట్టి, ఒక దాని నుంచి ఇంకోదానికి జరిపాడు. కుండలు ఉన్నచోటే ఉన్నాయి. అమ్మ ఉన్నచోటే ఉంది. కదిలింది నీడ ఒక్కటే.

"ఫొటో కోసం కూచోబెట్టింది సార్" అన్నాడు పక్కనే ఉన్న ప్రెసిడెంటు.

"కూచోబెట్టినాను సార్" అన్నాను. "నీళ్ళు పోసుంటే లేచి ఇంటికి పొయ్యుండేది."

ఇన్‌స్పెక్టరు ఫొటోలు పక్కకు నెట్టాడు. "బావి పంచాయతీది. అందులో ఎవరి చేదైనా పడొచ్చు. చట్టం అదే చెబుతోంది."

"ఆ మాట రాసియ్యండి సార్."

"చెబుతున్నాను కదా. రాయడం ఎందుకు?"

ఎంత అడిగినా రాసివ్వలేదు. వట్టి చేతులతో ఇంటికి వచ్చి అమ్మకు జరిగిందంతా చెప్పాను.

"ప్రెసిడెంటు ముందరే అన్నాడా ఆ మాట?"

"ఆయన ముందరే."

"చాల్లే" అన్నది అమ్మ.

మర్నాడు పొద్దున్నే కొబ్బరితాడూ చేదా భుజాన వేసుకుని బయలుదేరింది. "ఆ పెట్టె ఎత్తుకోని రా" అన్నది.

"దాంట్లో రీలు లేదమ్మా. అయిపోయింది."

"అది నీకూ నాకూ తెలుసు. వాళ్ళకెవురు చెప్పినారు?"

పలకరాయి దగ్గర అమ్మ ఆగలేదు. పెద్దమ్మా మిగతావాళ్ళూ అక్కడే నిలబడిపోయారు. అమ్మ గట్టెక్కేసరికి ఊళ్ళో మగవాళ్ళు నలుగురైదుగురు చుట్టూ చేరారు. ఒకడు తాడు పట్టుకోబోయాడు. నేను ఇటుకల మీదికెక్కి కెమెరా ఎత్తాను. ఇన్‌స్పెక్టరు బల్ల మీదికి ఫొటోలు వెళ్ళిన సంగతి అప్పటికే ఊరందరికీ తెలుసు. తాడు మీద పడిన చేయి వెనక్కి పోయింది. ఇంకొకడు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఎటు తిరిగితే అటువాళ్ళు పక్కకు జరిగారు. ప్రెసిడెంటు వేపచెట్టు వెనక నుంచి కేకలేశాడు గానీ ముందుకు రాలేదు.

బావి లోతు అమ్మకు తెలుసు. తాడు సరిగ్గా సరిపోయింది. చేద పైకి వచ్చాక గట్టు మీద పెట్టి, అందరికీ వినపడేట్టు అడిగింది.

"తీసినావా పాపా?"

"తీసినానమ్మా" అని మీట నొక్కాను.

రాయి దగ్గర అలికిడి అయింది. పెద్దమ్మ తన కుండ చంకనెత్తుకుని నడిచి వచ్చి గట్టెక్కింది. అమ్మ పక్కన నిలబడి, కుండను నాకు బాగా కనబడేట్టు ముందుకు తిప్పుకుంది.

"ఇప్పుడు తియ్యే, కుండతోనే" అన్నది.