నీకు బాకీ పడ్డాను

మా నానమ్మకు కోపం వస్తే మాట్లాడదు, కుర్చీ అల్లే పేము బిగించి లాగుతుంది. తాత కుర్చీల చట్రాలు చేసేవాడు, ఆమె వాటికి సీట్లు అల్లేది. ఇద్దరికీ గొడవైన రోజు అల్లిన సీటు మీద సుత్తి పడేస్తే పైకి ఎగిరేదని తాతే చెప్పేవాడు. చెప్పి కాస్త దూరం జరిగేవాడు.

తాతకు ఒక ఊతపదం ఉండేది. ఎవరు మంచినీళ్ళిచ్చినా, వానలో గొడుగు పట్టినా "నీకు బాకీ పడ్డానయ్యా" అనేవాడు. కాళ్ళ దగ్గర వెచ్చగా పడుకున్న పిల్లితో కూడా అనడం నేను విన్నాను. నిజమైన అప్పుంటే మాత్రం ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఆయన పోయాక వర్క్‌షాప్ నానమ్మ పేరుకు మారాలంటే ముందు ఆయన అప్పులు తేలాలన్నారు సర్కారు ఆఫీసులో. బాకీ రావలసినవాళ్ళు ఫలానా గడువులోగా చెప్పుకోమని ఆఫీసువాళ్ళు మా తలుపుకు నోటీసు అంటించారు. మేకుల కొట్టాయన వచ్చాడు, వార్నిష్ అమ్మే ఆవిడ వచ్చింది. నానమ్మ ఇద్దరికీ ఇచ్చేసింది. గడువు దాటింది, వర్క్‌షాప్ ఆమెదైంది. అప్పుడు నిద్రలేచాడు కలప డిపో యజమాని. మనిషి అడ్డంగా ఉంటాడు కనుక మా ఇంట్లో ఆయన పేరు దూలం. డిపో మాకు రెండు గుమ్మాల అవతలే. రోజూ మా తలుపు ముందు నుంచే నడిచే మనిషికి అంత నోటీసు కనబడలేదట.

టేకు పలకలు అప్పుగా ఇచ్చానని, కాగితం లేకపోయినా సాక్షులున్నారని అర్జీ పెట్టాడు. చిక్కేమిటంటే ఆ సాక్షులు అబద్ధాలాడే రకం కాదు. టీ కొట్టు ముందు తాత దూలం చేయి పట్టుకుని "నీకు బాకీ పడ్డాను" అనడం వాళ్ళు చెవులారా విన్నారు. ఇంకేం, పెద్దమనిషి అప్పు పెట్టి పోయాడని వీధంతా గుసగుసలు.

"బతికుండగా పెగలని నోరు, ఆయన జవాబు చెప్పలేడని తెలిశాక లేచిందా" అంది నానమ్మ. తర్వాత మూడు సీట్లు అల్లింది. మూడూ రాళ్ళే.

విచారణకు నేను తోడు వెళ్ళాను. అధికారి అర్జీ తిరగేసి, గడువు దాటాక వచ్చింది కనుక చెల్లదు, ఇక వెళ్ళొచ్చన్నాడు. నేను లేచి నిలబడ్డాను. నానమ్మ లేవలేదు.

"అంటే అప్పుంది గానీ, ఈయన ఆలస్యంగా వచ్చాడనా మీరనేది?"

"అదంతా ఎందుకమ్మా? మీరు గెలిచారు కదా."

"ఆ గెలుపు నాకక్కర్లేదు. మా ఆయన ఎగ్గొట్టాడో లేదో తేల్చండి."

నేను ఆమె కొంగు లాగాను. చేతి మీద ఒక్కటి వేసింది. అధికారి నిట్టూర్చి, ఆ మాట తాత ఎప్పుడన్నాడని సాక్షులను అడిగాడు. గుండెనొప్పి తగ్గి ఆసుపత్రి నుంచి వచ్చిన వారమే అన్నారు వాళ్ళు. నొప్పి వచ్చిన పూట తాతను తన కలప బండిలో ఆసుపత్రికి చేర్చింది దూలమే. అది మేమూ కాదనలేదు. నానమ్మ తాత ఊతపదం సంగతి చెప్పింది. పిల్లి సంగతి నేను అందుకున్నాను. మూల బల్ల దగ్గర గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

"నాతోనూ అన్నారండి. ఈ బల్ల కాలు బాగుచేయడానికి వచ్చినప్పుడు, ఫ్యాన్ వేశానని."

గదంతా నవ్వింది. నానమ్మ నవ్వలేదు. దూలం వైపు తిరిగింది.

"ఏమయ్యా, నోరారా 'అన్నా' అని పిలిచావు ఆయన్ని. చెక్క బాకీ ఉందా? నా మొహం చూసి చెప్పు."

దూలం నేల చూశాడు. "చెక్క బాకీ లేదు వదినా."

అధికారి ఆ మాట రాసి, చదివి వినిపించేదాకా ఆమె కుర్చీ వదల్లేదు.

బయటికి వచ్చాక దూలాన్ని నాలుగు దులుపుదామని నోరు తెరిచాను. నానమ్మ నన్ను వెనక్కి నెట్టి, "నీ కుర్చీ పంపించు" అంది అతనితో. "ఆసుపత్రికి చేర్చిన బాకీ ఒకటుంది. అది మాత్రం ఉంచుకోను."

డిపోలో అతని కుర్చీ సీటు కుంగి చాలాకాలమైంది. పంపాడు. వీధిలో పడ్డ మాటలన్నీ పేములోకి లాగి అల్లింది నానమ్మ. ఇప్పుడు దూలం అందులో కూలబడ్డప్పుడల్లా డప్పు మీద దెబ్బ పడ్డట్టు మా వర్క్‌షాప్ దాకా మోగుతుంది.

నానమ్మ పనిలోంచి తలెత్తదు. "కూర్చున్నాడు" అంటుంది, అంతే.