వెనక్కి ఎక్కించని పంట

ఇద్వాల్ ప్రిచర్డ్ తన యాభై తొమ్మిదేళ్ళ బతుకులో ఓటు వేసింది రెండే సార్లు. మొదటిది పెళ్ళయిన కొత్తలో, భార్య మెరెరిద్ వెయ్యమన్నవాడికి. రెండోది 2016లో, ఆమె వద్దన్నదానికి. దేశం యూరప్ కూటమిలో ఉండాలా, బయటికి రావాలా అని అడిగిన కాగితం మీద ‘రావాలి’ అన్నచోట పెన్సిల్‌తో ఇంటూ గుర్తు గట్టిగా పెట్టి, వానలో ఇంటికి నడిచొచ్చి, టీ పెట్టమన్నాడు.

“నీ సరుకు తినేవాళ్ళ వాకిలికి నువ్వే తాళం వేసొచ్చావు. ఇంకా టీ కూడా నేనే పెట్టాలా?” అంది మెరెరిద్.

“చేపలవాళ్ళంతా అదే వేశారే.”

“నువ్వు చేపలవాడివా? రైతువి. నీ పొలం నీళ్ళ కింద ఉంది, అంతే తేడా.”

ఆమె అన్నది నిజమే. వేల్స్ గట్టుకీ మోన్ దీవికీ మధ్య పారే మెనాయ్ పాయ అడుగున ఇద్వాల్ ఆల్చిప్పలు పండించేవాడు. నల్లటివి, బొటనవేలంత పొడుగు, లోపల నారింజరంగు కండ. పద్దెనిమిదో ఏట తండ్రి పడవెక్కి, తండ్రి పోయాక ఆ పడవనే నడిపాడు. ఆ పంటలో వందకి తొంభై తొమ్మిది వంతులు హాలండ్‌కీ, అక్కడినుంచి బెల్జియానికీ, ఫ్రాన్సుకీ పోయేది. మిగిలిన ఆ ఒక్క వంతు కూడా ఊళ్ళో అమ్ముడుపోయేది కాదు. సముద్రంలోంచి వచ్చినది ఏదైనా సరే, పిండిలో ముంచి నూనెలో వేయించితే తప్ప ఇక్కడివాళ్ళకి గొంతు దిగదు. మన గడప ముందు పండేదాన్ని మనం తినం. పరాయివాడు తిని డబ్బిస్తే, ఆ పరాయివాడే మనల్ని దోచుకుంటున్నాడని రేవులో కూర్చుని తిట్టుకుంటాం. ఇద్వాల్ కూడా తిట్టాడు. అందరితోపాటే తిట్టాడు.

ఈ పంటకి మూడేళ్ళు పడుతుంది. ఎండాకాలం మొదట్లో ఉత్తరాన ఇసుకమేటల మీద గోరంత పిల్లలు కుప్పలుగా పడతాయి. వాటినే విత్తనం అంటారు. పడవనిండా ఎత్తుకొచ్చి ముందు పై ఒడ్డున చల్లుతారు. అక్కడ రోజుకి రెండుసార్లు నీళ్ళు వెనక్కి పోతాయి. నీళ్ళు లేనంతసేపూ నోరు మూసుకుని ఎండనీ గాలినీ కాచుకోవడం వాటికి అలవాటవుతుంది. చిప్ప మందమవుతుంది, పీత గోరుకి పగలదు. అలా గట్టిపడ్డాక లోతుకి దించుతారు. లోతులో నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి, తిండి ఎప్పుడూ ఉంటుంది. ఏడాదిన్నరకి కండ నిండుతుంది. లోతులోంచి పడవలోకి, పడవలోంచి లారీలోకి, మర్నాటికి హాలండ్‌లోని యెర్సెకె రేవుకి. ఆ దారి ఒకవైపుకే. ఒకసారి లోతుకి దించిన పంటని మళ్ళీ ఒడ్డుకి ఎక్కించేవాడు ఉండడు.

ఒకడుండేవాడు. ఈ చుట్టుపక్కల అందరూ జోన్సులూ విలియమ్సులూ ప్రిచర్డులే కాబట్టి, మనిషిని గుర్తుపట్టడానికి పని పేరో పరువు తీసే పేరో తగిలిస్తారు. బొగ్గు జోన్స్, పోస్టు విలియమ్స్, అలాగ. రాబత్ విలియమ్స్ అనే ఆయన ఒక చెడ్డ ఏడాది కొనేవాడు దొరక్క పంటని తిరిగి ఒడ్డుకి ఎక్కించాడు. నీళ్ళు పోయినప్పుడల్లా ఆ నల్లటి పరుపు, దీవికి వేసిన వంతెన మీద పోయే ప్రతివాడికీ కనబడేది. ఇద్వాల్ తండ్రి ఆయనకి ‘వెనకడుగు రాబత్’ అని పేరు పెట్టాడు. ఆయన చనిపోయినప్పుడు పత్రికలో వేసిన ప్రకటనలో కూడా అసలు పేరు పక్కన ఆ పేరే వేశారు. వెయ్యకపోతే ఎవరు పోయారో ఊరికి తెలియదు మరి.

2021 జనవరి మొదటి సోమవారం, దేశం కూటమి నుంచి పూర్తిగా బయటపడిన నాలుగో రోజు, మరీనస్ ఫోన్ చేశాడు. యెర్సెకెలో ఇద్వాల్ సరుకు ఇరవై రెండేళ్ళుగా కొంటున్నవాడు అతనే.

“ఇద్వాల్, లారీ పంపకు.”

“ఏం, పండగ మత్తు దిగలేదా ఇంకా?”

“నవ్వే సంగతి కాదు. మీ పాయలో ఊళ్ళ మురుగు కలుస్తుందిగా, మీది రెండో తరగతి నీళ్ళు. ఇన్నాళ్ళూ మీరు ఇంటివాళ్ళు కాబట్టి ఇక్కడికి తెచ్చి మేమే శుభ్రం చేసుకునేవాళ్ళం. ఇప్పుడు మీరు బయటివాళ్ళు. బయటివాళ్ళ ఆల్చిప్పలు రెండు రోజులు తొట్టెల్లో కడిగి, శుభ్రమైనవని కాగితం రాయించుకుని రావాలి.”

“కడిగే పంపిస్తాను.”

“కడిగినవి నాకెందుకయ్యా? తొట్టెలో రెండు రోజులు, లారీలో ఒక రోజు. ఇక్కడికి వచ్చేసరికి నోళ్ళు తెరుచుకుని చస్తాయి. నేను మళ్ళీ నీళ్ళలో వేసి ఇసుక కక్కించాలి కూడా. నీ సరుకు మీద నాకు అనుమానం లేదు. నిన్నటిదీ ఇవాల్టిదీ ఒకే ఆల్చిప్ప. కాగితమే మారింది.”

మెరెరిద్ ఊళ్ళో చిన్న కొట్టు నడిపేది. ఆ నెలలో ఆమె అరలు కూడా పలచబడ్డాయి. స్పెయిన్ టమాటాలు రేవులో కాగితాల కోసం వారం రోజులు నిలబడి, మెత్తబడి వచ్చాయి. కొండ ఊరి నుంచి జున్ను పంపే ఫ్రాన్సు ముసలాయన, నాలుగు పెట్టెల కోసం పశువైద్యుడి సంతకం తెచ్చుకోలేనని ఉత్తరం రాసి మానుకున్నాడు. పెద్ద దుకాణాలకి పెద్ద లారీలున్నాయి, కాగితాలు రాసే గుమాస్తాలున్నారు. మెరెరిద్‌కి క్యాబేజీ ఉంది.

“కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది,” అంది ఆమె, ఖాళీ అర తుడుస్తూ.

ఇద్వాల్ క్యాబేజీ బుట్ట ముందుకి జరిపాడు.

ఫిబ్రవరిలో లండన్ ప్రభుత్వం నుంచి కాగితం వచ్చింది. ఏప్రిల్‌లో అవతలివాళ్ళ నియమాలు మారతాయనీ, అప్పటిదాకా ఓపిక పట్టాలనీ అందులో ఉంది. ఇద్వాల్ దాన్ని మూడుసార్లు చదివి, పడవలో చుక్కాని పక్కన మేకుకి గుచ్చాడు.

పడవ మీద అతనితో ముప్ఫై ఏళ్ళుగా పనిచేసేది టెక్విన్. చిన్నప్పుడు ఒకే బెంచీ, ఒకే బెత్తం.

“ఒరేయ్, ఎక్కించేద్దాం రా,” అన్నాడు టెక్విన్.

“పండిన సరుకునా?”

“కొనేవాడు లేనప్పుడు పండితే ఎంత, పండకపోతే ఎంత? వల వేసి చూశావు కదా. కింద బురద జానెడు పేరుకుంది. అవి తిన్నదంతా అక్కడే వదులుతున్నాయి. ఇప్పుడవి నేలని పట్టుకోలేదు, ఒకదాన్నొకటి పట్టుకుని బురద మీద కూర్చున్నాయి. శీతాకాలం దాటకముందే ఎత్తాల్సిన పంట. ఒక్క గట్టిగాలి వస్తే చాప చుట్టినట్టు చుట్టుకుపోతుంది.”

“ఏప్రిల్ ఎంత దూరంరా? ఒడ్డుకి ఎక్కిస్తే కండంతా తగ్గిపోతుంది. తలుపు తెరిచే రోజుకి నా దగ్గర చిప్పలుంటాయి, లోపల ఏమీ ఉండదు.”

“తలుపు తెరుస్తారని నీకెవరు చెప్పారు?”

ఇద్వాల్ మేకుకున్న కాగితం వైపు చెయ్యి చూపించాడు.

“ఓహో, కాగితమా!” అన్నాడు టెక్విన్. “ఐదేళ్ళ కిందట కూడా ఒక కాగితమే కదూ, నువ్వు ఇంటూ పెట్టింది?”

రాత్రి భోజనాల దగ్గర మెరెరిద్ కూడా అదే మాట ఎత్తింది. “టెక్విన్ చెప్పాడు. ఎందుకు ఎక్కించవు?”

“వంతెన మీద పోయేవాళ్ళంతా చూస్తారు.”

“చూడనీ. రాబత్ పంట బతికిందిగా?”

“పంట బతికింది. రాబత్ బతికాడా?”

“ఎనభై మూడేళ్ళు బతికాడు. మీ నాన్న కంటే పదకొండేళ్ళు ఎక్కువ.”

అతను చెంచా పెట్టేసి లేచిపోయాడు. తండ్రి పెట్టిన పేరు తనకి అంటుకుంటుందని అతని భయం. ఆ భయాన్ని బయటికి చెప్పలేడు గనక, ఏప్రిల్ అన్నాడు. నియమం అన్నాడు. కండ అన్నాడు.

ఆమె ఊరుకోలేదు. గుల్లలు పెంచే ఒకాయన దగ్గర చిన్న తొట్టె అడిగి తెచ్చింది. రెండు సంచుల ఆల్చిప్పలు కడిగి, కొట్టు ముందు మంచు పోసి పెట్టింది. కరోనా భయంతో హోటళ్ళన్నీ మూసి ఉన్నాయి. ముక్కుకి గుడ్డ కట్టుకుని పక్కింటి ఒల్వెన్ వచ్చి వంగి చూసింది.

“ఇవి బతికున్నాయా, మెరెరిద్?”

“బతికున్నవే తినాలి వదినా. ఉల్లిపాయ, కాస్త వెన్న వేసి మూత పెడితే ఐదు నిమిషాలు.”

“బతికున్నదాని మీద మూత పెట్టడమా! అయ్యో!” అని ఒల్వెన్ దణ్ణం పెట్టినంత పని చేసి, రెండు డబ్బాల బీన్స్ కొనుక్కుని పోయింది. సాయంత్రానికి అమ్మింది మూడు కిలోలు. నీళ్ళ కింద ఉన్నది నూట ముప్ఫై టన్నులు.

ఏప్రిల్ వచ్చింది. నియమం మారింది కానీ రెండో తరగతి నీళ్ళకి మారలేదు. మరీనస్ ఈసారి పొడిగా చెప్పాడు. “నా అదును కూడా అయిపోయింది, ఇద్వాల్. ఐర్లాండ్ నుంచి తెచ్చుకుంటున్నాను. మనిషిగా నీకు చెప్పాలని ఫోన్ చేశాను.”

అప్పటికి ఆల్చిప్పలు గుడ్లు వదిలేశాయి. కండ సగమైంది. ఏ కండ కోసం లోతులో ఉంచాడో అది పోయింది. ఇంక దాచుకోవడానికి పరువు తప్ప సాకు మిగల్లేదు. ఆ సాయంత్రం రేవు గట్టు మీద టెక్విన్ పక్కన కూర్చుని, పాయ వైపు చూస్తూ అన్నాడు.

“ఎక్కిద్దాం.”

“రేపు పోటుకే మొదలెడదాం. పదిరోజుల్లో సగమైనా ఎక్కించొచ్చు.”

“రేపు కాదు. సెలవులు అవనీ.”

“ఏ సెలవులురా?”

“మే మొదటి సోమవారం. ఇంగ్లండ్ జనం ఆంక్షలు సడలించారని విరగబడి వస్తున్నారు. వంతెన మీద కారు మీద కారు. ఒడ్డంతా జనం. వాళ్ళు పోనీ. మంగళవారం మొదలెడదాం.”

“పేరు పెట్టడానికి మీ నాన్న లేడురా ఇప్పుడు,” అన్నాడు టెక్విన్. ఇద్వాల్‌కి అది వినబడింది. వినబడనట్టు టోపీ సర్దుకున్నాడు.

ఆ సోమవారం పొద్దున్నే నైరుతి నుంచి గాలి లేచింది. మధ్యాహ్నానికి పాయలో నీళ్ళు ఎదురుబొదురు తోసుకుంటూ, నురగ రోడ్డు మీదకి విసిరాయి. సెలవులకొచ్చినవాళ్ళు కార్లలో కూర్చుని అద్దాలు దించి ఫొటోలు తీసుకున్నారు. ఇద్వాల్ కిటికీ దగ్గర నిలబడ్డాడు. మెరెరిద్ వచ్చి పక్కన నిలబడింది.

మంగళవారం, అనుకున్నట్టే, పని మొదలుపెట్టారు. అడుగు గోకే ఇనుప వల మొదటిసారి పైకి లేచినప్పుడు అందులో బురద, నాలుగు నక్షత్రచేపలు. రెండోసారి బురద. పడవని పడమటికి తిప్పి వేశారు. అక్కడ ఒక బుట్టెడు చిప్పలు, సగం పగిలినవి. పదకొండోసారి టెక్విన్ యంత్రం ఆపేశాడు.

పంట ఎక్కడికీ పోలేదు. రెండు మైళ్ళ అవతల, సెలవులకి దిగేవాళ్ళ ఇళ్ళు వరసగా ఉన్న గులకరాళ్ళ ఒడ్డున మోకాలెత్తు కుప్పగా పడింది. నాలుగు రోజుల్లో కంపు కొట్టడం మొదలైంది. కాకులూ సముద్రపు కాకులూ దించిన తల ఎత్తలేదు. వారానికి స్థానిక సంస్థ నుంచి ఇద్వాల్‌కి ఉత్తరం వచ్చింది. సరుకు తమరిదే గనక, తమరే తొలగించవలెను. నలభై ఒక్క ఏళ్ళలో ఆ సరుకు అతనిదని ఇక్కడి దొరలు కాగితం మీద ఒప్పుకోవడం అదే మొదలు.

శనివారం ట్రాక్టరు తెచ్చాడు. టెక్విన్ అప్పటికే కోళ్ళ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. అయినా సెలవు రోజు పార పట్టుకుని వచ్చాడు. ఇద్దరూ ఎత్తి పోస్తుంటే, సెలవులకి దిగిన ఒకావిడ కాఫీ కప్పుతో గట్టు మీదకి వచ్చింది.

“ఏమండీ, ఇవి తినేవేనా?”

“ఈ నెల మొదట్లో తినేవే,” అన్నాడు టెక్విన్.

“మరి ఎందుకు పారేస్తున్నారు? ఎంత దండగ! మేం బెల్జియం వెళ్ళినప్పుడు తిన్నాం, గిన్నెకి గిన్నె. ఎంత బావున్నాయో! ఇక్కడ హోటల్లో అడిగితే లేవన్నారు.”

ఇద్వాల్ పార ఆపి ఆమె వైపు చూశాడు. చూసి, మళ్ళీ ఎత్తడం మొదలుపెట్టాడు. అది చూసి టెక్విన్ నవ్వడానికి నోరు తెరిచి, నవ్వకుండానే మూసేశాడు.

మూడు శనివారాలు పట్టింది. ఎత్తిందంతా పాత రాతిగని గోతిలో పోసి మట్టి కప్పారు.

జూన్‌లో ఉత్తరాన ఇసుకమేటల మీద విత్తనం పడిందని కబురొచ్చింది. చాలా ఏళ్ళుగా అంత పడలేదట. ఆ పూట కొట్టులో మెరెరిద్ త్రాసు ముందు ఉంది. ఇద్వాల్ వెనకనుంచి బంగాళాదుంపల బస్తా మోసుకొచ్చి దించాడు.

“పొద్దున పోటు నాలుగింటికి,” అంది ఆమె, అతని వైపు చూడకుండా. “ఇంజనులో నూనె పోయించాలంటే ఇప్పుడే చెప్పు.”

“తెచ్చి ఏం చెయ్యను?”

“మూడేళ్ళు పడుతుందిగా. ఈ లోపల ఏదో ఒకటి మారదా?”

“అందుకే తేను,” అన్నాడు అతను. బస్తా మూతి విప్పి, కుళ్ళినవి ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.